గురువుగారి వర్ధంతి

ఆగస్టు 14 ఏటా వస్తుంది, పోతుంది. మర్నాడు జెండా పండగ కాబట్టి ఆ సాయంత్రం ప్రెస్ క్లబ్బులో జనం పల్చగా ఉంటారు. హాలు ఖాళీ, కుర్చీలు ఖాళీ, టీ ఫ్లాస్కు మాత్రం నిండుగా ఉంటుంది. వర్ధంతి సభ పెట్టుకోవడానికి ఇంతకంటే అనువైన రోజు పంచాంగం తిరగేసినా దొరకదు. అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారంటే ఒక్కసారి కూడా అమెరికా పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ గారి ఫోటోకి మూరెడు బంతిపూలు వేసిన పాపాన మనలో ఎవరమూ పోలేదు. 1951లో అదే రోజున, 88 ఏళ్ళ వయసులో, బెవర్లీ హిల్స్‌లో ఆయన కాలం చేశారు. మన వృత్తివాళ్ళం ఈ పూటకీ తింటున్న కూడు ఆయన వండి వార్చిందే.

సబ్ ఎడిటర్‌గా చేరి, ముప్పై ఏళ్ళు డెస్కులో కూర్చుని, సీనియర్ సబ్ ఎడిటర్‌గా రిటైరైనవాణ్ణి నేను. పెద్ద ఎదుగుదలేం లేదు గానీ గురుభక్తి ఉంది. అందుకని ఈ విన్నపం.

మనం ఎవరి పేరు చెప్పుకుంటాం? ఆ కాలపు ఇంకో అమెరికా పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ పేరు. ఏ జర్నలిజం కాలేజీ వార్షికోత్సవానికి వెళ్ళినా ముఖ్య అతిథి మైకు సవరించుకోగానే పులిట్జర్ అంటాడు. పులిట్జర్ గారు కూడా తన కాలంలో తక్కువ తినలేదు. హత్యలు, కుంభకోణాలు, భూతాలు అన్నీ వేశారు. కాకపోతే పోయేముందు వీలునామాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి 20 లక్షల డాలర్లు రాసి 1911లో పోయారు. ఆ డబ్బుతో జర్నలిజం కళాశాల వెలిసింది, 1917 నుంచి ఆయన పేరిట బహుమతులు మొదలయ్యాయి. పుష్కరాల్లో ఒక్క మునక వేస్తే పన్నెండేళ్ళ పాపం పోతుందంటారు. ఆయనకి వందేళ్ళదీ పోయింది. మా గురువుగారు మాత్రం ఆ రేవు దాపులకి కూడా పోలేదు. చివరిదాకా అవే మడతలు నలిగిన బట్టలతో, అదే సిరా మరకలతో ఉండిపోయారు. నిజాయితీ అంటే ఇదీ అని నా మనవి.

గురువుగారి పుట్టుక 1863 ఏప్రిల్ 29న, శాన్‌ఫ్రాన్సిస్కోలో. తండ్రి జార్జ్ హర్‌స్ట్ గనుల ఆసామి. నెవాడాలో వెండి, దక్షిణ డకోటాలో బంగారం, మోంటానాలో రాగి. ఆయన గడ్డపార పెట్టిన చోటల్లా ఏదో ఒకటి తగిలేది. శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ అనే నష్టాల పత్రిక కూడా అలాగే 1880లో తగిలింది. జూదం బాకీ కింద వచ్చిందని చెప్పుకుంటారు. ఇటు కొడుకు హార్వర్డ్‌లో చదువు వెలగబెడుతూ, ప్రొఫెసర్లకి తలా ఒక పింగాణీ ఉచ్చకుండ కానుకగా పంపించాడనీ, ఒక్కోదాని అడుగున ఆ ప్రొఫెసర్ పేరే రాయించాడనీ కథ. 1885లో హార్వర్డ్ ఆయన్ని సాగనంపింది. ఎవరికి ఏది చేరాలో వాళ్ళ పేరుతో సహా చేర్చడం, అది చూసినవాడు ఉలిక్కిపడటం: పత్రికా రచనలో ఆయన తొలి పాఠం అదే అనుకోవచ్చు. 1887 మార్చి 4న తండ్రి వాషింగ్టన్‌లో సెనేటర్‌గా కూర్చున్నాడు. అదే రోజు 23 ఏళ్ళ కొడుకు ఎగ్జామినర్ కుర్చీలో కూర్చున్నాడు. మన దగ్గర ఇలాంటి రెండు పనులకి రెండు ముహూర్తాలు పెడతారు. వాళ్ళు ఒకదాంతో సరిపెట్టుకున్నారు.

ఇక్కడ ఒక చేదు నిజం ఒప్పుకోవాలి. తొలిరోజుల్లో గురువుగారు కొన్ని మంచి పనులు కూడా చేశారు. ఊళ్ళో సర్కారు ఆసుపత్రి పేదవాళ్ళని ఎలా చూస్తోందో తెలుసుకుందామని, విలేకరి వినిఫ్రెడ్ బ్లాక్ పాత బట్టలు వేసుకుని నడివీధిలో మూర్ఛ వచ్చినట్టు పడిపోయింది. ఆసుపత్రివాళ్ళు చేసిన మర్యాదంతా అచ్చులో వచ్చింది, అక్కడి పద్ధతులు కొంత మారాయి. సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ ప్రభుత్వానికి కట్టాల్సిన కోట్ల డాలర్ల బాకీని ఎగవేసే బిల్లు తెస్తే, 1896లో ఆంబ్రోస్ బియర్స్ అనే వాడి కలమున్న రచయితని వాషింగ్టన్ పంపి దాన్ని అడ్డుకున్నారు. ఇలాంటివి వృత్తికి చెడ్డపేరు తెస్తాయి కాబట్టి తొందరగా దాటేద్దాం.

1895లో గురువుగారు న్యూయార్క్ వచ్చి జర్నల్ అనే పత్రిక కొన్నారు. తండ్రి అప్పటికే పోయాడు. తల్లి ఫీబీ తన రాగి గనుల వాటా అమ్మి 75 లక్షల డాలర్లు కొడుకు చేతిలో పెట్టింది. ఆ ఊళ్ళో అప్పటికి రాజు పులిట్జర్. ఆయన వరల్డ్ పత్రిక వెల రెండు సెంట్లు. గురువుగారు జర్నల్‌ని ఒక సెంటుకే ఇచ్చారు. తర్వాత చేసిన పని చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్‌కి న్యూయార్క్‌లో ఒక గది ఆఫీసు ఉండేది. అది ఉన్నది ఎవరి భవనంలోననుకున్నారు? పులిట్జర్ గారి భవనంలోనే, అద్దెకి. ఆ అద్దెగదిలో కూర్చునే గురువుగారు పులిట్జర్ ఆదివారం అనుబంధం మొత్తాన్ని, ఎడిటర్ మోరిల్ గొడార్డ్‌తో సహా, ఎక్కువ జీతాలిచ్చి లాగేశారు. పులిట్జర్ లబోదిబోమని ఇంకొంచెం ఎక్కువిచ్చి వెనక్కి రప్పించుకున్నారు. ఒక్క రోజు తిరక్కుండా గురువుగారు మళ్ళీ లాగేశారు. అద్దెకున్నవాడు ఇంటాయన వంటమనిషిని తీసుకుపోవడం మనం చూశాం. పొయ్యిని కూడా తీసుకుపోవడం అప్పుడే మొదలు.

ఆ పొయ్యిలో ఒక బొమ్మల గీతగాడు కూడా ఉన్నాడు, రిచర్డ్ ఔట్‌కాల్ట్. ఆయన వారం వారం ఒక బస్తీ కుర్రాణ్ణి గీసేవాడు. బోడిగుండు, చేటచెవులు, పళ్ళు బయటపెట్టిన నవ్వు, మోకాళ్ళ కింది దాకా వేలాడే పసుపుపచ్చ నైట్‌షర్టు. వాడి మాటలు ఆ చొక్కా మీదే రాసి ఉండేవి. జనం వాడికోసమే పేపరు కొనేవాళ్ళు. గీతగాడు జర్నల్‌కి వెళ్ళిపోతే పులిట్జర్ ఇంకో గీతగాణ్ణి పెట్టి అదే కుర్రాణ్ణి గీయించారు. దాంతో ఊళ్ళో ఇద్దరు పసుపు పిల్లలు, రెండు పత్రికలు, ఒకటే చొక్కా. ఎదుటి పత్రికలవాళ్ళు ఈ ఇద్దరి వ్యవహారానికి కలిపి ఎల్లో జర్నలిజం అని పేరు పెట్టారు.

ఈ ముక్క మనవాళ్ళకి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఎల్లో మీడియా అంటే ఒక పార్టీ జెండా రంగు. తిట్టేవాడు ఆ రంగు చూసి తిడతాడు, తిట్టించుకునేవాడు ఇంకో రంగు వెతికి ఎదురు తిడతాడు. అసలు కథలో అది జెండా కాదు, చొక్కా. నూట పాతికేళ్ళ నాటి ఆ చొక్కాని ఒక్క పక్షానికే తొడగడం అన్యాయం. వదులుగా కుట్టారు, కొలతలు అందరికీ సరిపోతాయి.

ఇప్పుడు గురువుగారి మహాయాగం దగ్గరికొద్దాం. క్యూబా అప్పట్లో స్పెయిన్ కింద ఉంది, అక్కడ తిరుగుబాటు నడుస్తోంది, స్పెయిన్ సైన్యం నిజంగానే ఘోరాలు చేస్తోంది. మామూలు పత్రిక అయితే ఆ ఘోరాలు రాసి ఊరుకుంటుంది. 1897లో ఎవాంజెలీనా సిస్నెరోస్ అనే యువతి హవానా జైల్లో ఉంటే, గురువుగారు తన విలేకరి కార్ల్ డెకర్‌ని పంపి జైలు కిటికీ ఊచలు విరిపించి, ఆమెని తప్పించి, మగవేషంలో ఓడెక్కించి న్యూయార్క్‌లో ఊరేగించారు. వార్త రాయడానికి వెళ్ళినవాడే వార్త చేసి తీసుకొచ్చాడు. మనవాళ్ళు ఇవాళ వరద నీళ్ళలో పీకల్లోతున నిలబడి మైకు పట్టుకుంటే ఏదో కనిపెట్టినట్టు చూస్తాం.

1898 ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ పేలిపోయింది. 260 మందికి పైగా పోయారు. ఎందుకు పేలిందో ఎవరికీ తెలియదు. జర్నల్‌కి మాత్రం తెలుసు. ఫిబ్రవరి 17 మొదటి పేజీ ఒకసారి కళ్ళకి కట్టుకోండి. పేజీ ఈ కొస నుంచి ఆ కొస దాకా శీర్షిక: యుద్ధనౌకని నాశనం చేసింది శత్రువే. దాని పక్కన అటూ ఇటూ 50,000 డాలర్ల బహుమానం, చేసినవాణ్ణి పట్టిచ్చినవాడికి. కింద పేజీ అడ్డంగా ఒక బొమ్మ: నీళ్ళ మీద నౌక, నీళ్ళ కింద మందుపాతర, దాన్నుంచి ఒడ్డు దాకా తీగలు. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అంత వివరంగా గీశారు. ఆ తీగని చూసినవాడు భూమ్మీద ఒక్కడు లేడు. డెస్కువాడిగా నన్ను ముగ్ధుణ్ణి చేసేది ఆ బహుమానమే. చేసింది శత్రువే అని శీర్షికలో తేల్చేసి, ఎవరు చేశారో చెప్పినవాడికి డబ్బులిస్తామని పక్కనే ప్రకటించడం! ఆ రెంటి మధ్యా ఒక అంగుళం ఖాళీ కూడా లేదు.

1976లో అడ్మిరల్ రికోవర్ అనే నౌకాదళం పెద్దాయన ఇంజనీర్లని కూర్చోబెట్టి పాత లెక్కలన్నీ తీయించారు. నౌకలోనే బొగ్గు కొట్లో నిప్పు రాజుకుని, పక్కనే ఉన్న మందుగుండుకి అంటుకుని ఉంటుందని తేల్చారు. 78 ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన వివరణ. మా రోజుల్లో సవరణ అంటే ఏడో పేజీలో, టెండరు నోటీసు కింద, మూడు లైన్లు. అది వేయడానికి కూడా మేం ఇంత ఆలస్యం చేసేవాళ్ళం కాదని సవినయంగా చెప్పుకుంటున్నాను.

ఇక మన సెమినార్లలో అరిగిపోయిన కథ ఒకటుంది. యుద్ధం బొమ్మలు గీయడానికి ఫ్రెడరిక్ రెమింగ్టన్ అనే చిత్రకారుణ్ణి గురువుగారు క్యూబా పంపారట. ఆయన అక్కడ యుద్ధమేమీ లేదు, వచ్చేస్తానని తంతి కొట్టాడట. బొమ్మలు నువ్వు పంపు, యుద్ధం నేను పంపుతానని గురువుగారు బదులు కొట్టారట. ఈ కథ ఎక్కడిది? జేమ్స్ క్రీల్‌మన్ అనే విలేకరి 1901లో తన జ్ఞాపకాల్లో రాసింది. ఆ తంతి కాగితం ఈనాటి దాకా ఎవరికీ దొరకలేదు. ఆ రోజుల్లో క్రీల్‌మన్ క్యూబాలోనూ లేడు, న్యూయార్క్‌లోనూ లేడు, యూరప్‌లో ఉన్నాడు. గురువుగారు అలా అనలేదని అన్నారు. అంటే, కట్టుకథలకి ఆద్యుడని ఆయన్ని తిట్టడానికి మనం వాడే ముఖ్యమైన సాక్ష్యం బహుశా కట్టుకథే. దాన్ని రాసినవాడు ఎవరో కాదు, ఆయన దగ్గర జీతం తీసుకున్నవాడే. శిష్యుడు గురువుని ఇంతకు మించి ఎలా మెప్పించగలడు? నేను కూడా ఆ కథని మూడు సభల్లో చెప్పాను, మూడు సార్లూ చప్పట్లు పడ్డాయి.

స్పెయిన్‌తో యుద్ధం వచ్చింది. ఒక్క గురువుగారి వల్లే వచ్చిందంటే చరిత్రకారులు ఒప్పుకోరు, అప్పటి అమెరికాకి ఆ సరదా వేరే కారణాలతోనూ ఉంది. కానీ ఆ ఘనత గురువుగారే తీసుకున్నారు. జర్నల్ వారి యుద్ధం మీకెలా ఉంది అని మొదటి పేజీ మీదే పాఠకుల్ని అడిగారు, పెళ్ళిభోజనాల దగ్గర పంక్తి పంక్తికీ తిరిగి పులుసు కుదిరిందా అని అడిగినట్టు. అంతటితో ఆగక తానే ఒక ఓడ అద్దెకి మాట్లాడుకుని క్యూబా వెళ్ళారు. ఎల్ కానీ కోట దగ్గర క్రీల్‌మన్‌కి గుండు తగిలి పడిపోతే, గడ్డిటోపీ పెట్టుకుని, నడుముకి పిస్తోలు, చేతిలో నోటుబుక్కు పట్టుకుని గురువుగారు మీదికి వంగి, దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది గానీ పోరు మాత్రం భలేగా ఉంది కదూ అన్నారట. ఇది కూడా క్రీల్‌మన్ చెప్పిందే. కాబట్టి ఎంత నమ్ముతారో మీ ఇష్టం.

యుద్ధం అయిపోయాక లెక్కలు మొదలయ్యాయి. వీధుల్లో కేకలేసి పేపర్లమ్మే కుర్రాళ్ళు వంద కాపీలు 50 సెంట్లకి తీసుకునేవాళ్ళు. యుద్ధం గిరాకీ చూసి పత్రికలు 60 సెంట్లు చేశాయి. యుద్ధం ఆగాక మిగతా పత్రికలు తగ్గించాయి, వరల్డ్ తగ్గించలేదు, జర్నల్ తగ్గించలేదు. రోజూ మొదటి పేజీలో ఒకరి జుట్టు ఒకరు పట్టుకునే ఇద్దరు మహానుభావులూ ఈ పది సెంట్ల దగ్గర మాత్రం కవల పిల్లలైపోయారు. 1899 జులైలో కుర్రాళ్ళు సమ్మె చేశారు. నాయకుల్లో ఒకడు కిడ్ బ్లింక్, ఒంటికన్ను వాడు. వేల మంది పిల్లలు బ్రూక్లిన్ వంతెన మీద అడ్డం పడ్డారు, సభలు పెట్టారు, ఆ రెండు పేపర్లు అమ్మినవాడి చేతిలోంచి లాక్కుని చింపారు. రెండు వారాలు. పేదల పక్షం, కార్మికుల పక్షం అని రోజూ సంపాదకీయాలు రాసే గురువుగారు ఆ రెండు వారాలూ ఈ పేదల గురించి నోరు విప్పలేదు. చివరికి ధర తగ్గలేదు గానీ, అమ్ముడుపోని పేపర్లు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు.

ఈ కథ మా మండల స్ట్రింగర్ ఒకతనికి, అంటే వార్తలతోపాటు ప్రకటనలూ తెచ్చిపెట్టాల్సిన చిరు విలేకరికి, చెప్పాను. అంతా విని, "వెనక్కి తీసుకున్నారా సార్? మంచోళ్ళే" అన్నాడు. కాసేపాగి, "వాళ్ళకి యాడ్స్ టార్గెట్ ఎంతుండేది?" అని అడిగాడు.

1901లో ఒక చిన్న ఇబ్బంది. చెడ్డ మనుషుల్ని చంపితే తప్ప వదిలించుకోలేకపోతే చంపాల్సిందే అన్న ధోరణిలో ఏప్రిల్‌లో ఆయన పత్రిక ఒక సంపాదకీయం వేసింది. సెప్టెంబరులో అధ్యక్షుడు మెకిన్లీని ఒకడు కాల్చి చంపాడు. వాడు ఆ పత్రిక చదివినట్టు ఆధారం లేదు. అయినా జనం గురువుగారి దిష్టిబొమ్మలు తగలబెట్టారు, పేపరు కొనడం మానేశారు. గురువుగారు ఏం చేశారు? తప్పయిందన్నారా? పత్రిక పేరు అమెరికన్ అని మార్చారు. దేశం పేరు పెట్టుకుంటే ఇక తగలబెట్టడం కష్టం కదా. ఈ చిట్కా ఎక్కడో విన్నట్టుందే అని మీకనిపిస్తే అది మీ ఊహ.

ఎన్నికల గురించి ఒక్క ముక్క. రెండుసార్లు కాంగ్రెసుకి గెలిచారు. 1904లో అధ్యక్ష పదవికి డెమొక్రాట్ల అభ్యర్థిత్వం అడిగితే దక్కలేదు. 1905లో న్యూయార్క్ మేయర్ పదవి సుమారు 3,500 ఓట్లతో తప్పిపోయింది, 1906లో గవర్నర్ పదవీ అంతే, 1909లో మళ్ళీ మేయరూ అంతే. లక్షలమంది ఆయన పేపరు కొని, చదివి, పిల్లలకి బొమ్మల పేజీ చింపి ఇచ్చి, ఓటు ఇంకొకరికి వేశారు. పాఠకుడు ఇంత నమ్మకద్రోహి అని మన యజమానులకి ఎన్నికల తర్వాత గానీ గుర్తు రాదు.

డెస్కువాళ్ళు కళ్ళకద్దుకోవలసిన ఘట్టం 1935 నాటిది. అంతకు మూడేళ్ళ ముందు రూజ్‌వెల్ట్‌ని గద్దెనెక్కించడానికి సాయపడ్డవాడే, ఆయన పన్నులు పెంచేసరికి గురువుగారు తన పత్రికలన్నిటికీ ఒక ఉత్తర్వు పంపారు. ప్రభుత్వ పథకం పేరు న్యూ డీల్. ఇకమీదట వార్తల్లో ఎక్కడొచ్చినా దాన్ని రా డీల్ అని రాయాలి, అంటే దగా బేరం అని. సంపాదకీయంలో కాదు, వార్తలో. ఆ ఉచ్చదశలో ఆయన చేతిలో 28 దినపత్రికలు ఉండేవి. ఒక్క కాగితం ముక్కతో అన్నిటిలోనూ భాష మారిపోయింది.

మేం అంత దూరం వెళ్ళలేదు, క్రియాపదాల దగ్గర ఆగాం. మనవాడు మాట్లాడితే స్పష్టం చేశారు. అవతలివాడు మాట్లాడితే బుకాయించారు. మనవాడి సభకి జనసంద్రం పోటెత్తింది, అవతలివాడి సభలో ఖాళీ కుర్చీలు వెక్కిరించాయి. కొత్తగా చేరిన రోజుల్లో, పేరు చెప్పను, ఒక పత్రికలో, ప్రతిపక్ష నాయకుడొకాయన తెలిపారు అని రాసి ఇచ్చాను. ఇన్‌ఛార్జిగారు ఎర్రపెన్ను తీసి తెలిపారు కొట్టేశారు. ఆరోపించారు అని రాసి, తృప్తి లేక అదీ కొట్టేసి, కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, అక్కసు వెళ్ళగక్కారు అని దిద్దారు. ఆ నాయకుడు ఆ రోజు చెప్పింది తన ఊరి చెరువుకి గండి పడిందని.

గురువుగారి కోటని నేను కళ్ళారా చూశాను. మా మేనల్లుడు బే ఏరియాలో ఉంటాడు. అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రులని, అత్తమామలని, మావయ్యల్ని వంతులవారీగా కారెక్కించి తిప్పే జాబితాలో శాన్ సిమియన్ ఒకటి. కొండ కింద టిక్కెట్టు తీసుకుంటే బస్సు పైకి ఎక్కిస్తుంది. 1919లో మొదలుపెట్టి 1947 దాకా జూలియా మోర్గాన్ అనే ఆర్కిటెక్టు చేత కట్టించారు. 165 గదులు, 3,45,000 గ్యాలన్ల ఈత కొలను, ఒకప్పుడు సొంత జంతుశాల. దాన్లోని జీబ్రాల సంతతి ఇప్పటికీ రోడ్డు పక్క మన ఆవుల్లాగే మేస్తుంటాయి. "మావయ్యా, ఈయన మీ ఫీల్డేగా?" అన్నాడు మావాడు. ఫీల్డు ఒకటే, పొలాలే వేరని చెప్పాను.

భోజనశాల చూసి తీరాలి. చర్చిల నుంచి ఊడదీసి తెచ్చిన చెక్కపని గోడల నిండా, పైన ఇటలీ పండగ జెండాలు, మధ్యలో ఆ మూల నుంచి ఈ మూల దాకా బల్ల, దాని మీద వెండి దీపస్తంభాలు. ఆ దీపస్తంభాల మధ్య కెచప్ సీసాలు, సీసాలతోనే. కాగితం నాప్కిన్లు. చర్చిల్ వచ్చినా అంతే, సినిమా తారలు వచ్చినా అంతే. అంత ఖర్చుపెట్టి మధ్యయుగాన్ని మొత్తంగా దిగుమతి చేసుకున్న మనిషి దాని మధ్యలో ఒక కెచప్ సీసా పెట్టుకున్నాడు. ఆయన మొదటి పేజీ కూడా సరిగ్గా ఇలాగే ఉండేది.

దిగుమతి అంటే మాటవరసకి అనలేదు. స్పెయిన్‌లో సెగోవియా దగ్గర 12వ శతాబ్దపు మఠం ఒకటి 1925లో కొన్నారు. రాయి రాయి విప్పి, ఒక్కోదానికి నంబరు వేసి, ఎండుగడ్డిలో పొదిగి, దాదాపు 11,000 పెట్టెల్లో అమెరికా పంపించారు. అక్కడ పశువులకి గాలికుంటు వ్యాపించిన రోజులవి. అమెరికా అధికారులు గడ్డి ద్వారా జబ్బు వస్తుందని పెట్టెలన్నీ తెరిపించి, గడ్డి తగలబెట్టి, రాళ్ళు మళ్ళీ పెట్టెల్లో పెట్టించారు. ఏ రాయి ఏ పెట్టెలోదో చూడకుండా. పాతికేళ్ళకి పైగా ఆ పెట్టెలు బ్రూక్లిన్ గోదాములో పడున్నాయి. ఆయన పోయాక ఎవరో కొని మయామీలో కట్టారు. అతికించడానికి ఏడాదిన్నర పట్టింది, కొన్ని రాళ్ళు ఎక్కడివో తేలకుండా మిగిలిపోయాయి. వందల ఏళ్ళు ఒక చోట కుదురుగా నిలబడ్డదాన్ని ముక్కలు చేసి, నంబర్లు వేసి, పెట్టెలు మార్చి, చివరికి ఏ ముక్క ఎక్కడిదో తెలియని స్థితికి తేవడం ఆయన పత్రికల్లో రోజూ జరిగే పనే. ఇక్కడ రాళ్ళతో చేశారు, అదీ ప్రభుత్వ సాయంతో.

కోట దిగేటప్పుడు బస్సులో చుట్టూ చూశాను. తెలుగు, తమిళం, చైనీస్, కొరియన్. ఆ కోట యజమాని పత్రికలు ఆసియా నుంచి వచ్చేవాళ్ళని యెల్లో పెరిల్, అంటే పచ్చ ముప్పు, అని దశాబ్దాల తరబడి రాశాయి. ఆ ఊపుతో వచ్చిన 1917 వలస చట్టంలో మన దేశాన్ని కూడా నిషిద్ధ మండలంలో కలిపేశారు. ఆ ముప్పంతా ఇప్పుడు బస్సులో కూర్చుని, టిక్కెట్టు డబ్బులిచ్చి, ఆయన ఈతకొలను ముందు ఫోటోలు దిగి వెళ్తోంది. నేనూ దిగాను. బాగానే వచ్చింది.

1934లో బెర్లిన్ వెళ్ళి హిట్లర్‌ని కలిసొచ్చారు. ముసోలినీ, గోరింగ్ వ్యాసాలకి డబ్బులిచ్చి వేశారు. దీని మీద హాస్యమాడటం నా చేత కాదు. 1937 నాటికి అప్పులు పది కోట్ల డాలర్లు దాటాయి. ఆయన జీవితాంతం పోగేసిన కళాఖండాలు ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో చీరల సేల్‌లాగా ధర చీటీలతో అమ్ముడుపోయాయి. నటి మేరియన్ డేవిస్, ఆయన సహచరి, తన నగలవీ అమ్మి పది లక్షల డాలర్లు ఆయన చేతిలో పెట్టింది. మొదట తల్లి, తర్వాత ఈమె. గురువుగారి స్వయంకృషి వెనక ఎప్పుడూ ఒక ఆడమనిషి అమ్ముకున్నదేదో ఉంటుంది. 1941లో ఆయన్ని పోలిన పత్రికాధిపతి మీద ఆర్సన్ వెల్స్ సినిమా తీస్తే, తన పత్రికల్లో ఎక్కడా దాని ఊసెత్తడానికి వీల్లేదన్నారు. ప్రకటన కూడా వద్దన్నారు. ఆయన వేసిన వార్తలు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. వెయ్యొద్దన్నది మాత్రం లోకమంతా చూసింది.

వారసత్వం అంటారా, దివ్యంగా ఉంది. ఆయన కంపెనీకి టీవీ చానళ్ళున్నాయి, పత్రికలున్నాయి, క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్‌లో వాటా ఉంది. ఇంకొకటి వింటే మీరు కుర్చీలో సర్దుకు కూర్చుంటారు. దేశాల అప్పు తీర్చే దక్షతకి మార్కులు వేసే ఫిచ్ అనే సంస్థ ఉంది కదా, అది 2018 నుంచి పూర్తిగా హర్‌స్ట్ కంపెనీదే. ఎవరి మాట ఎంతవరకు నమ్మవచ్చో ఇప్పుడు లోకానికి ఆ ఇల్లే చెబుతోంది. భారతదేశానికి 2006లో వేసిన బీబీబీ మైనస్‌ని, అంటే పెట్టుబడికి పనికొచ్చే మార్కుల్లో అట్టడుగుదాన్ని, అది ఏళ్ళ తరబడి కదపలేదు. అప్పులు ఎలా చెయ్యకూడదో ఆ ఇంటికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అందుకని మొన్న నేనూ, ఇద్దరు రిటైర్డు మిత్రులూ కలిసి ఈసారి వర్ధంతి చేసి తీరాలని చందాలు వేసుకున్నాం. ఫ్లెక్సీ షాపు కుర్రాడికి పేరు రాసిచ్చి, అమెరికా పేపరాయన, ఫోటో నెట్‌లో ఉంటుంది తీసుకో అన్నాం. సాయంత్రం ఫ్లెక్సీ వచ్చింది. కింద పెద్ద అక్షరాల్లో విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ గారికి ఘన నివాళి అని ఉంది. పైన ఫోటోలో చక్కటి గడ్డం, ముక్కు మీద పట్టుకునే కళ్ళద్దాలు. గురువుగారికి జీవితంలో గడ్డం లేదు. అది పులిట్జర్.

"అమెరికా పేపరు అని కొడితే ఫస్ట్ ఈయనే వచ్చాడు సార్" అన్నాడు కుర్రాడు.

మళ్ళీ వేయించాలంటే ఇంకో ఆరువందలు. మా ముగ్గురిలో పెద్దాయన, ఒకప్పుడు ఎడిషన్ ఇన్‌ఛార్జి, ఫ్లెక్సీని దూరం నుంచి, దగ్గర నుంచి చూశారు. గడ్డం హుందాగా ఉందన్నారు. దండ కొంచెం పెద్దది తెచ్చి కిందికి జారేలా వేస్తే పేరు కనపడదన్నారు.